రాగిగనుల సీమలో ఫిన్నుల పండుగలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సుపీరియర్ మహాసరస్సులోనికి చొచ్చుకొనిపోయిన కీవినా ద్వీపకల్పంలో హాంకాక్ అనే చిన్న పట్టణం ఉన్నది. ఒకప్పుడు రాగిగనులతో వర్ధిల్లిన ఊరు. గనులు మూతబడి చాలాకాలమైనది. వీథుల పేర్లు మాత్రం నేటికీ ఇంగ్లీషులోను, ఫిన్నిష్ భాషలోను జంటగా వ్రాసి కనబడుతవి. ఏటా జనవరి నెలలో, మంచు మోకాళ్లు దాటి పేరుకొన్న వేళ, ఆ వీథులలో ఒక ఊరేగింపు బయలుదేరుతుంది. ఎలుగుబంటి వేషాలు, కాలితో నేలను తన్ని నడిపే మంచుబండ్లు, గడ్డకట్టిన నీటికి కన్నముచేసి అందులో మునిగేవారు, భార్యను భుజాన వేసికొని పరుగుపందెం తీసే భర్తలు - చూడవచ్చినవారికి వినోదానికి కొదువ ఉండదు. దీనిని హెయికిన్‌పైవా అంటారు. సెయింట్ హెన్రిక్ దినమని అర్థం. ఫిన్లండు పల్లెలలో పూర్వం ఈ దినాన్ని చలికాలపు నడిమి గుర్తుగా ఎంచేవారు. గుహలో నిద్రించే ఎలుగుబంటి ఆనాడు ఒక ప్రక్కనుండి మరొక ప్రక్కకు ఒత్తిగిలుతుందని నమ్మిక. చలి సగమైనది, గాదెలో గింజ, దొడ్డిలో గడ్డి సగమైనా మిగిలినవో లేవో చూచుకొమ్మని రైతుకు అదొక హెచ్చరిక.

ఇంత ప్రాచీనంగా కనబడే ఈ ఉత్సవం హాంకాక్ పట్టణంలో మొదలైనది 1999లో మాత్రమే. తాతముత్తాతల నమ్మికను మనుమలు వెదకి తెచ్చి, పురవీథిలో నిలబెట్టినారు.

అదే పట్టణంలో 1896లో ఫిన్నుల లూథరన్ చర్చి స్థాపించిన సువోమి కళాశాల ఉండేది. 2000లో అది ఫిన్లాండియా విశ్వవిద్యాలయమని పేరు మార్చుకొన్నది. విద్యార్థుల సంఖ్య తగ్గి, అప్పులభారం పెరిగి, ఇక నడపలేమని 2023 మార్చిలో పాలకులు ప్రకటించినారు. నూట ఇరువది యేడేండ్ల విద్యాసంస్థ మూతబడినది; పాతికేళ్ల ఊరేగింపు నిలిచి ఉన్నది. ఒక జాతి పరదేశంలో తన్ను తాను గుర్తుంచుకొనే తీరునుగూర్చి ఆలోచించేవారికి ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూడక తప్పదు.

ఈ గనులకు ఫిన్నులు రావటం 1860 ప్రాంతాలలో ఆరంభమైనది. మొదట వచ్చినవారు ఉత్తర నార్వే గనులలో పనిచేస్తూ ఉండినవారు. తరువాత పడమటి ఫిన్లండునుండి రైతుబిడ్డలు వెల్లువగా తరలినారు. కమతాలు చాలక కొందరు, కూలి దొరకక కొందరు, 1901లో రష్యా చక్రవర్తి విధించిన నిర్బంధ సైనికసేవకు ఒల్లక కొందరు - మొత్తంమీద మొదటి ప్రపంచయుద్ధం నాటికి మూడు లక్షలకు పైబడి అట్లాంటిక్ దాటినారు. పేదలే గాని నిరక్షరులు కారు. చదువురానివానికి వివాహయోగ్యత కూడ లేదని వారి చర్చి శాసించిన కాలమది. అందుచేతనే 1876 నాటికే హాంకాక్‌లో ఫిన్నిష్ పత్రిక వెలువడినది. చదువు వచ్చినవారు గనుక వాదులాడుకొనటం కూడ బాగా వచ్చినది. చర్చి ఫిన్నులని, హాలు ఫిన్నులని రెండు పక్షాలేర్పడినవి. చర్చివారు సువోమి కళాశాలను నిలబెట్టుకొంటే, మిన్నెసోటాలోని డులూత్‌లో కార్మికపక్షం వారికి వేరొక కళాశాల ఉండేది. మద్యపాన నిషేధ సంఘాలు రెండు పక్షాలకు నడుమ మరొక లోకం. ఆనాటి హాలు అంటే కేవలం సభాభవనం కాదు. అక్కడే నాటకం, అక్కడే వాద్యబృందం, అక్కడే గ్రంథాలయం, అక్కడే సమ్మె తీర్మానం. వేషం కట్టి చూపించే అవసరం అప్పటి పండుగకు లేదు. మాటలాడేది ఫిన్నిషే, పోట్లాడేదీ ఫిన్నిషే.

ఆ పోరాటాలలో కన్నీరు కూడ కలదు. 1913లో రాగిగనుల సమ్మె సాగుతుండగా, హాంకాక్‌కు కొద్దిదూరంలోని కాల్యుమెట్ పట్టణంలో సమ్మెకారుల బిడ్డలకోసం డిసెంబరు 24వ తేదీన క్రిస్మస్ వేడుక జరిపినారు. ఇటాలియన్ హాలు మేడమీద పిల్లలు, తల్లులు క్రిక్కిరిసి ఉండగా, నిప్పు అని ఎవరో కేకవేసినారు. నిప్పు లేదు. మెట్లమీద తొక్కిసలాటలో 73 మంది చనిపోయినారు. పిల్లలే అధికం, వారిలోను ఫిన్నుల పిల్లలే ఎక్కువ. కేకవేసినది ఎవరో నేటికీ తేలలేదు. ఆ భవనాన్ని 1984లో కూల్చివేసినారు. వాకిటి కమాను ఒక్కటి మాత్రం మిగుల్చుకొన్నారు. 1930 తరువాత మరొక విషాదం. సోవియట్ కరేలియాలో శ్రామికరాజ్యం నిర్మిస్తామని ఉత్తర అమెరికానుండి సుమారు ఆరువేలమంది ఫిన్నులు పనిముట్లతో, పొదుపుసొమ్ముతో తరలిపోయినారు. 1937-38 సంవత్సరాల స్టాలిన్ హత్యాకాండలో వారిలో ఎందరో నేలకొరిగినారు. ఇవి ఏ ఊరేగింపులోను పట్టే కథలు కావు.

ఊరేగింపులో పట్టిన కథ వేరొకటి. మిన్నెసోటా రాష్ట్రం వర్జీనియా పట్టణంలోని ఒక పెద్ద అంగడిలో రిచర్డ్ మాట్సన్ అనే ఫిన్నిష్ సంతతివాడు పనిచేసేవాడు. ఐరిష్‌వారికి పాములను పారద్రోలిన సెయింట్ పాట్రిక్ ఉన్నాడు, మీకెవరున్నారని తోటి ఉద్యోగి ఎత్తిపొడిచినదట. 1956లో మాట్సన్ అప్పటికప్పుడు సెయింట్ ఉర్హో అనే మహాపురుషుణ్ణి సృష్టించినాడు. మొదట ఉర్హో కప్పలను తరిమినాడు. తరువాత బెమిజీలోని ఆచార్యుడు సులో హవుమాకి కథకు మెరుగులు దిద్దగా, కప్పలు పోయి మిడతలు వచ్చినవి: ఫిన్లండు ద్రాక్షతోటలను మిడతల దండునుండి కాపాడిన ధీరుడు ఉర్హో. ఫిన్లండులో పేరుపడిన ద్రాక్షతోటలెక్కడివని అడగరాదు. ఆ అసంబద్ధతలోనే హాస్యమంతా ఉన్నది. పాట్రిక్ పండుగకు ఒకరోజు ముందుగా, మార్చి 16న, ఈ లేని మహాత్ముని పండుగ జరుపుకొంటారు. మెనాహ్గా అనే ఊరిలో పెద్ద మిడతను శూలానికి గ్రుచ్చి ఎత్తిన ఉర్హో విగ్రహం కూడ వెలసినది.

పెద్దలు కొందరు దీనిని వెకిలితనమంటారు. ఆ తీర్పులో తొందరపాటు లేకపోలేదు. అసలైనదని మెచ్చుకొనే హెయికిన్‌పైవాకంటె ఈ కల్పితోత్సవం నలుబది యేండ్లు పెద్దది. అంతేకాదు, ఉర్హో పుట్టిన కాలాన్ని గమనించాలి. 1950 ప్రాంతాల అమెరికాలో ఫిన్నుడంటే కమ్యూనిస్టేమో అనే అనుమానం వెంటాడేది. చర్చివాడూ నవ్వగల, హాలువాడూ నవ్వగల, ఇంగ్లీషు తప్ప మరొకటి రాని మనుమడూ నవ్వగల వేడుక ఒకటి ఆనాడు వారికి కావలసివచ్చినది. పాతపగలు మరచిపోవటానికి ఉర్హో బాగా పనికివచ్చినాడు. పగలతోబాటు వాటి కారణాలను కూడ మరపించటమే అందులోని చిక్కు.

కల్పన అన్నంతమాత్రాన తీసివేయటానికి వీలులేదు. ఫిన్నుల జాతీయకావ్యం కలేవలా మాత్రం ఎట్లు పుట్టినది? వైద్యుడైన ఎలియాస్ లోన్‌రోత్ పల్లెగాయకుల పాటలను సేకరించి, తానే కూర్చి, అతుకులు తానే వేసి 1835లో మొదటికూర్పు, 1849లో యాభై సర్గలతో, 22,795 పాదాలతో పెద్దకూర్పు ప్రకటించినాడు. ప్రవాస ఫిన్నులు ఫిబ్రవరి 28న కలేవలా దినం జరుపుకొనటం ఆ మొదటికూర్పు స్మృతికే. ఆ కూర్పుకు నూలు జనం వడికినది, జనం భాషలోనే వడికినది. ఉర్హో కథకు అట్టి నూలు లేదు.

భాషే చేజారుతూ వచ్చినది. తొలితరంవారు ఇంగ్లీషు మాటలకు ఫిన్నిష్ తొడుగు తొడిగి, గనిని మైని అని, కారును కారా అని, పడకగదిని పెటిరూమా అని పిలుచుకొన్నారు. అది చూచి నవ్వినవారున్నారు గాని, ప్రాణమున్న భాషే అట్లు అన్యపదాలను మ్రింగగలదు. మూడవతరానికి ఆ మిశ్రభాష కూడ లేకపోయినది. నేడు ఫిన్నిష్ సంతతి అని చెప్పుకొనే అమెరికనులు సుమారు ఆరున్నర లక్షలు. ఇంట ఫిన్నిష్ పలికేవారు వారిలో అత్యల్పం. ఇది ఫిన్నులకు మాత్రమే వచ్చిన అవస్థ కాదు. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వం సెలవిస్తుంది; ఆ పండుగ చేసికొనే ఆంధ్రసంతతి ఇండ్లలో చాలవరకు వినబడేది క్రియోల్ భాష.

1983నుండి ఫిన్‌ఫెస్ట్ అనే మహాసభ అమెరికాలో జరుగుతున్నది. సంగీతం, ఉపన్యాసాలు, వంశవృక్షాల వెదకులాట, అంగళ్లు - ఇట్టి సభలు ఎక్కడైన ఒక తీరుననే ఉంటవి గనుక విస్తరించి చెప్పనక్కరలేదు. ఏ సభా లేకుండ నిలిచినది సౌనా. కొత్త నేలమీద ఫిన్నిష్ రైతు ఇల్లు కట్టుకొనకముందే ఈ ఆవిరిస్నానపు గదిని కట్టుకొని, అందులోనే కాపురముండి, తరువాత ఇల్లు లేపేవాడు. పురుళ్లు కూడ అందులోనే. శనివారం సాయంత్రం రాళ్లు కాల్చి నీరు చిలకరించేవారికి అది ప్రదర్శన అనే ఊహ ఉండదు.

కట్టడాల గతి మరొక విధం. కెనడాలోని థండర్ బే పట్టణంలో 1910లో ఫిన్నుల కార్మిక మందిరం కట్టినారు. అడవులలో కలప కొట్టే కూలీలకు చవుకగా కడుపునిండ భోజనం పెట్టటానికి 1918లో దాని దిగువభాగంలో హోయితో అనే భోజనశాల వెలసి నూరేండ్లు నడిచినది. 2011లో ఆ మందిరాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించినారు. 2021 డిసెంబరులో అది అగ్నికి ఆహుతి అయినది.

హాంకాక్‌లో కళాశాల మూతబడినపుడు అందరికంటె ముందు భయపడినది ఫిన్నిష్ అమెరికన్ వారసత్వ కేంద్రాన్ని గురించి. పూర్వం కథోలిక చర్చిగా ఉండిన కట్టడమది. ప్రవాస ఫిన్నుల పత్రభాండాగారం ఆ కళాశాల ఆస్తిలో భాగమే. అప్పులవారి పాలు కాకుండ దానిని 2023లో ఫిన్లాండియా ఫౌండేషను కొనుక్కొన్నది. 1953లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో, సంగీతకర్త సిబేలియస్ పోషకత్వంలో ఆరంభమైన సంస్థ ఇది. పండుగలకు, గాయకులకు విరాళమిచ్చే సంస్థ ఈ కాగితాలకోసం దేశమంతటా చందాలు పోగుచేయటం గమనింపదగిన విషయం. ఊరేగింపుకు ఏడాదికొకరోజు ఉత్సాహం చాలును. కాగితాలకు పైకప్పు, వేడి, జీతగాడు పన్నెండు నెలలూ కావాలి.

పైకప్పు దొరికినది. లోపల ఉన్న పుస్తకాలు, ఉత్తరాలు, సంఘాల లెక్కలు అధికభాగం ఫిన్నిష్‌లో ఉన్నవి. చేతివ్రాతలు, అందులోను పూర్వపు మాండలికాలు. తన ముత్తాత ఏ పక్షంవాడో, 1913 సమ్మెలో ఎటు నిలిచినాడో తెలిసికొనగోరి అక్కడికి వచ్చే మునిమనుమడు ఆ పుటను తనంతట తాను చదువలేడు. చదివిపెట్టగలవారు వయసు మళ్లినవారు. వారు ఉండగా ఎన్ని పెట్టెల కాగితాలు ఇంగ్లీషులోనికి మారితే అన్ని పెట్టెలు మాటలాడుతవి.