కెమెరా నమూనా – కొలిచి కట్టే విద్య

ఆటవస్తువులతో కాలం గడపడం కళాశాల విద్యార్థికి తగదనే అభిప్రాయం పెద్దలలో బలంగా ఉన్నది. ప్లాస్టిక్ ఇటుకలు పేర్చి పాత కెమెరాల నమూనాలు నిర్మించే అభిరుచిని గూర్చి కూడ వారు ఇదే మాట అంటారు. ఫోటో తీయని కెమెరా ఎందుకని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే, కాని సమాధానం లేనిది కాదు.

ఈ ఇటుకలకు ప్రసిద్ధి తెచ్చిన లెగో సంస్థ 1932లో డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో పుట్టింది. నేటి రూపంలోని ఇటుకకు 1958లో పేటెంట్ కోరింది. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఆరింటిని 91 కోట్లకు పైగా విధాల కలుపవచ్చునట! 2024లో ఆ సంస్థయే పోలరాయిడ్ కెమెరాకు 516 ముక్కల నమూనాను విడుదల చేసింది. మీట నొక్కితే ఫోటో వంటి పలక వెలుపలికి వస్తుంది. వేడుకైన వస్తువే. అయితే పెట్టెలోని పుస్తకం చూపిన వరుసలో ముక్కలు అమర్చడం గైడు చూచి జవాబు వ్రాయడం వంటిది. అందులో చేతికి పని ఉన్నంతగా బుద్ధికి లేదు.

అసలు విద్య కొలిచి కట్టడంలో ఉన్నది. 1925లో జర్మనీలో వెలువడిన లైకా కెమెరాను తీసుకొందాము. ఫిలింపై దాని చిత్రం ఎత్తు 24, వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఇటుకపై బొడిపెకూ బొడిపెకూ నడుమ దూరం 8 మిల్లీమీటర్లు. ఎత్తు సరిగా మూడు బొడిపెలు. వెడల్పు మాత్రం నాలుగున్నర. ఆ సగాన్ని సాధించడమెట్లు? గుండ్రని కటకపు గొట్టాన్ని పలకల ముక్కలతో కట్టడమెట్లు? ఈ చిక్కులు విప్పినవానికి కెమెరాలోని ప్రతి భాగం ఎందుకున్నదో తెలిసివస్తుంది.

ఇంకొక మాట. మన ఉర్దూ మిత్రులు గదిని ‘కమ్రా’ అంటారు. పోర్చుగీసుల ద్వారా వచ్చిన ఆ మాటకూ, కెమెరాకూ మూలం ఒక్కటే. గది అనే అర్థంగల లాటిన్ పదం. సుమారు వెయ్యేళ్ల క్రిందట ఇబ్న్ అల్ హైసమ్ గ్రహణవేళ సూర్యుని నెలవంక రూపం సన్నని రంధ్రం గుండా ఎట్లు పడుతుందో వివరించారు. కెమెరా అంటే ఆ చీకటి గదియే. కనుక నమూనా పైరూపాన్ని మాత్రమే అనుకరించరాదు. నల్లని ఇటుకల పెట్టెకు ముందు సూదిరంధ్రం, వెనుక ట్రేసింగు కాగితం అమర్చితే ఎండలోని చెట్టు తలక్రిందులుగా కనిపిస్తుంది. అప్పుడది బొమ్మ కాదు, ప్రయోగం.

మార్కుల కొరకు కిరణచిత్రం గీసే మనలో ఆ తలక్రిందుల బింబాన్ని కన్నులారా చూచినవారెందరు? కళాశాల కమిటీ పెద్దలు ఒక అలమర, పనిచేయని పాత కెమెరా ఒకటి, పెట్టెడు ఇటుకలు సమకూర్చవలెనని మనవి. ఇటుకల వెల భారమనుకొంటే అట్టముక్కలతోనైనా ప్రారంభించవచ్చును. మిత్రులారా! వస్తువు చిన్నదని వెనుకాడకండి. కొలిచి, ఆలోచించి, కట్టి చూడండి.