తేదీ దాటిన ఊళ్లు

మన శింగనమల చుట్టుపక్కల నుంచి కరువుకు బెంగళూరు పోయినోళ్లు పండక్కి ఇంటికొస్తారు. 2005లో మొదలైన సల్వాజుడుం దెబ్బకు బస్తర్ వదిలి మన గోదావరి అడవుల్లోకి వచ్చిన కోయలకు ఆ దారి కూడా లేదు. ఇక్కడేమో ఎస్టీ సర్టిఫికెట్ రాదు, పట్టా రాదు, గుడిసె వేస్తే ఫారెస్టోళ్లు పీకేస్తారు.

అయినా వాళ్లు ఊరుకోలేదు. 2018 అక్టోబర్ 2న చింతూరు దగ్గరి చట్టి నుంచి జగదల్‌పూర్‌కు శాంతియాత్రలో నడిచారు. 2022లో ఢిల్లీ జంతర్ మంతర్ దాకా పోయారు. సొంత గడ్డ మీద తుపాకులు ఆగాలి, పోయిన భూమికి బదులు భూమి కావాలి అన్నారు.

అటవీ హక్కుల చట్టంలో 3(1)(ఎం) ఆ హక్కు ఇస్తోంది. కానీ 2005 డిసెంబర్ 13కు ముందు వెళ్లగొట్టిన వాళ్లకే! కోంట వైపు జుడుం ముదిరింది 2006లో. జుడుంకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, మరి ఆ తేదీ ఎందుకు మారదు? పోడు మీటింగుల్లో ఈ డిమాండు కూడా పెట్టండి.

"వాళ్లు బయటోళ్లు, మనకెందుకు" అనే మాట మనోళ్ల నోటే వింటున్నా. గీత దాటి కర్ణాటకకు పోతే మన లంబాడీ కూడా ఎస్టీ కాదు, అక్కడి జాబితాలో ఎస్సీ.