బరువు ఒక్కటే... భుజాలు రెండు!

2025 ఆగస్టు 27, 28 తేదీలు. కామారెడ్డి జిల్లాలో ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. చెరువులు నిండాయి, వాగులు ఊళ్ల మీదికొచ్చాయి. భిక్కనూరు - తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయాయి. ఇటు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలో లింగంపల్లి ఖుర్దు దగ్గర వంతెన దెబ్బతింది. రైళ్లు ఆగాయి. బస్సులు ఆగాయి.

అప్పటి ఫొటోలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. కింద నేల లేదు. పట్టాలు మాత్రం నిచ్చెనలా గాల్లో వేలాడుతున్నాయి! ఇనుము అదే, బిగించిన స్లీపర్లూ అవే. మరి దానిమీద రైలెందుకు వెళ్లకూడదు?

జవాబు ఇనుములో లేదు. దాని కింద ఉండాల్సిన ఆధారంలో ఉంది. ఏ ఆధారం ఎంత మోస్తోందో తేల్చే లెక్క ఒకటుంది. పాలిటెక్నిక్‌లో చేరిన కొత్తలో పిల్లల్ని తెగ తికమకపెట్టే లెక్క అదే. నిజానికి మన తాతలు కాగితం, పెన్సిల్ లేకుండానే దాన్ని భుజాల మీద చేసేశారు!

బస్తా ఎటు జరిగితే...

బెల్లం వ్యాపారానికి పేరున్న ఊరు కామారెడ్డి. అరవై కిలోల బెల్లం బస్తాను ఆరడుగుల వెదురు బొంగుకు వేలాడదీసి, ఇద్దరు మోస్తున్నారనుకోండి. బస్తా సరిగ్గా మధ్యలో ఉంటే చెరో ముప్పై కిలోలు. గొడవే లేదు. అది కాస్తా ముందువాడి వైపు జరిగిందా... వాడి పని అయిపోయినట్టే!

ఎంత జరిగితే ఎంత బరువు? బస్తా ముందువాడికి రెండడుగుల దూరంలో, వెనకవాడికి నాలుగడుగుల దూరంలో ఉందనుకుందాం. ముందువాడి భుజాన్నే ఇరుసు అనుకోవాలి. బస్తా బొంగును కిందికి తిప్పాలని చూస్తుంది. దాని పట్టు... 60ని 2తో హెచ్చవేస్తే 120. వెనకవాడు ఆరడుగుల అవతలి నుంచి పైకెత్తుతూ దాన్ని ఆపాలి. 120ని 6తో భాగిస్తే 20. అంటే వెనకవాడి వాటా 20 కిలోలు. మిగతా 40 ముందువాడివి. దగ్గరున్నవాడికి రెట్టింపు మోత!

బరువును దూరంతో హెచ్చవేస్తే వచ్చేదాన్ని పుస్తకాల్లో బలభ్రామకం అంటారు. భుజం పైకి నెట్టే బలం పేరు ప్రతిచర్య. బస్తా కిందికి, భుజాలు పైకి... అన్నీ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి కాబట్టి ఇవి సమాంతర బలాలు. పేర్లు చూసి భయపడక్కర్లేదు. షరతులు రెండే. పైకి నెట్టేవన్నీ కలిపి కిందికి లాగేవాటికి సమానం కావాలి. ఒకవైపు తిప్పే భ్రామకం, రెండోవైపు తిప్పేదానికి సమానం కావాలి. అంతే!

పిల్లలకో చిట్కా. తెలియని బలాలు రెండున్నప్పుడు, అందులో ఒకటి ఉన్నచోటే ఇరుసు పెట్టుకోవాలి. దూరం సున్నా కాబట్టి దాని భ్రామకమూ సున్నాయే. ఇక తేల్చాల్సింది ఒక్కటే మిగులుతుంది.

వంతెన మీద బస్సు

ఇప్పుడు వాగు దగ్గరికి వద్దాం. ఈ ఒడ్డున ఒక గోడ, ఆ ఒడ్డున ఒక గోడ. వాటిమీద 12 మీటర్ల స్లాబు. లెక్క కోసం స్లాబు బరువు 160 టన్నులు, ప్రయాణికులతో సహా బస్సు 12 టన్నులు అనుకుందాం.

బస్సు రాకముందే ఒక్కో గోడ మీద 80 టన్నులున్నాయి. కామారెడ్డి నుంచి వచ్చిన బస్సు వంతెన మీద మూడు మీటర్లు వెళ్లింది. ఇవతలి గోడకు తొమ్మిది టన్నులు, అవతలి గోడకు మూడు టన్నులు చేరాయి. అంటే 89, 83. నడిమధ్యకు వస్తే చెరో ఆరు. ఎల్లారెడ్డి వైపు చివరికి చేరేసరికి మొత్తం పన్నెండూ అవతలి గోడవే. బస్సు కదులుతున్నంతసేపూ బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మారుతూనే ఉంటుంది. లోపల కూర్చున్నవారికి ఆ సంగతే తెలియదు!

ఈ లెక్కలో ఇంకో సంగతి దాగుంది. బస్సు తెచ్చింది పన్నెండు టన్నులే. గోడలు పగలూ రాత్రీ మోస్తున్నది నూట అరవై. కింద పునాది జారితే వంతెన కూలడానికి బస్సు రానక్కర్లేదు. తన బరువే చాలు.

గోడ ఎంత బరువు పడితే అంత బలంతో పైకి నెడుతుంది. ఆ గోడకు ఆధారం నేల. వరద ఉరవడికి గోడ అడుగున మట్టి కోసుకుపోతే నేల ఆ బలాన్ని ఇవ్వలేదు. కాగితం మీద లెక్క తప్పదు. కానీ లెక్క అడిగినంత మోయడానికి కింద ఎవరూ ఉండరు!

భిక్కనూరు దగ్గర జరిగిందీ ఇలాంటిదే. మామూలుగా కిలోమీటరు పట్టా కింద 1660 దాకా స్లీపర్లుంటాయి. అంటే సుమారు 60 సెంటీమీటర్లకు ఒక ఆధారం. కింది కంకర ఆరు మీటర్ల మేర పోయిందంటే ఆధారాల మధ్య దూరం పదింతలైనట్టు. అదే చక్రం పట్టాను వంచే ప్రభావమూ దాదాపు పదింతలవుతుంది. పైగా మోయాల్సిన స్లీపర్లే పట్టాకు వేలాడుతూ అదనపు బరువవుతాయి.

ఆ రాత్రి... వలిగొండ

2005 అక్టోబరు 29. నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర వరద రైలు కట్టను కోసేసింది. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజరు తెల్లవారుజామున అక్కడికి చేరింది. పెట్టెలు నీళ్లలో పడ్డాయి. వంద మందికి పైగా ప్రాణాలు పోయాయి. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 1987 ఏప్రిల్ 5న స్కోహరీ వాగు మీది వంతెన కూలి పది మంది చనిపోయారు. అక్కడా వరద పునాది అడుగున మట్టిని తోడేసింది.

ఇందులో మరో మోసం ఉంది. ఉరవడిలో పడిన గుంతను, వరద తగ్గేటప్పుడు ఇసుక, ఒండ్రు వచ్చి పూడ్చేస్తాయి. నీళ్లు తీశాక చూస్తే అంతా మామూలుగానే కనిపిస్తుంది. కానీ ఆ కొత్త మట్టికి పాత నేల గట్టిదనం ఉండదు. ఇంజినీర్లు వచ్చి పునాది చూసేదాకా ఆగమనేది అందుకే. 2025లో కామారెడ్డి దగ్గర రైళ్లను రద్దుచేసినప్పుడు, దారి మళ్లించినప్పుడు విసుక్కున్నవాళ్లుంటారు. వలిగొండ గుర్తున్నవాళ్లు మాత్రం విసుక్కుని ఉండరు.

ఇంట్లోనూ ఇదే లెక్క

గోడలకు రంగులేసేవారు రెండు స్టూళ్ల మీద చెక్క వేసుకుంటారు. స్టూళ్ల మధ్య దూరం రెండు మీటర్లు. చెక్క అటూ ఇటూ అరమీటరు చొప్పున బయటికి ఉంది. దాని బరువు 20 కిలోలు, స్టూలుకు పది చొప్పున. అరవై కిలోల మనిషి ఆ బయటి కొసన నిలబడితే? రెండో స్టూలు దగ్గర చెక్క 15 కిలోల బలంతో పైకి లేవాలని చూస్తుంది. అక్కడ దాన్ని అదిమిపెట్టింది పది కిలోలే. చెక్క లేస్తుంది, మనిషి పడతాడు! లెక్కలో ప్రతిచర్యకు ముందు మైనస్ గుర్తు వచ్చిందంటే అర్థం అదే. ఆ ఆధారం చెక్కను కిందికి పట్టి లాగాలి. స్టూలు ఆ పని చేయలేదు కదా!

కాబట్టి పరీక్షలో జవాబు మైనస్ వస్తే పిల్లలు కంగారుపడి కొట్టేయకూడదు. లెక్క సరిగ్గానే చేసి ఉంటే, అది ఓ హెచ్చరిక చేస్తోందన్నమాట. ఈసారి వరద తీశాక వాగు ఒడ్డున ఎర్రజెండా కనిపిస్తే పెద్దలు తిట్టుకోకుండా ఆగాలి. అదీ అలాంటి హెచ్చరికే!