వ్రేలిముద్ర యెవరి యధీనము?

బందరు కోనేరు సెంటరులోని దుకాణములలో నేడమ్ముచున్న మేలురకపు సెల్ ఫోనులలో పెక్కింటికి వ్రేలు పెట్టుటకు ప్రత్యేకమైన మీట లేదు. తెర అద్దముమీదనే యొకచోట చిన్న గుర్తు వెలుగును. దానిపై బొటనవ్రేలు ఆనించినంతనే ఫోను తెరచుకొనును. బ్యాంకు లెక్కలు, భూమి పత్రముల నకళ్లు, ధాన్యపు బేరముల సంగతులు, ఇంటి గుట్టు అంతయు ఆ స్పర్శతో బయటపడును. గుడివాడ మిల్లు యజమానుల చేతులలోను, నాగాయలంక చేపల వర్తకుల చేతులలోను ఇట్టి ఫోనులే కానవచ్చుచున్నవి. ఇది వట్టి సౌకర్యమునకు సంబంధించిన విషయమని పలువురు తలంచుచున్నారు. మాకట్లు తోచుటలేదు. ఫోను తెరమీద పడు ఆ వ్రేలే రేషను దుకాణములోని యంత్రముమీదను, సబ్ రిజిస్ట్రారు కచ్చేరిలోని దస్తావేజుమీదను పడుచున్నది. ఒకచోట నది తాళపుచెవి, ఒకచోట సంతకము, మరియొకచోట ఆకలిగొన్నవానికి పెట్టు పరీక్ష. ఈ మూడింటికిని గల భేదమును మరచుటవలన మన జిల్లాకు కలుగుచున్న నష్టమును గూర్చియే నేడు వ్రాయదలచితిమి.

ముందుగా యంత్రమును గూర్చి నాలుగు మాటలు. 2013లో ఆపిల్ కంపెనీవారు తమ ఫోను మీటలో వ్రేలిముద్ర నెరుగు పరికరము నమర్చిన పిమ్మట ఈ వాడుక లోకమంతట వ్యాపించినది. 2018 జనవరిలో చైనాకు చెందిన వివో కంపెనీవారు ఆ పరికరమును తెర క్రిందికి దింపిరి. అందు తెరలోని సూక్ష్మదీపములే వ్రేలిని వెలిగించును. చర్మముమీది మిట్టలు అద్దమునకు తగులును, పల్లములు తగులవు. కనుక తిరిగివచ్చు కాంతిలో భేద మేర్పడును. ఆ కాంతి దీపముల నడిమి సందులగుండ దిగి, అడుగున కెమేరావలె పనిచేయు పలకమీద పడును. ప్రతి చుక్కయు తనంతట తాను వెలుగు ఓలెడ్ తెరలకే యిది చక్కగా కుదురును. 2019లో సామ్‌సంగ్ వారు కాంతికి బదులు చెవికందని ధ్వనితరంగములతో పనిచేయు క్వాల్కం పరికరమును వాడిరి. చర్మమునుండి వచ్చు ప్రతిధ్వని వేరు, గాలి సందునుండి వచ్చునది వేరగుటచే, ఇందు మిట్టపల్లముల లోతుకూడ తెలియును.

కాంతిని లొంగదీయు విద్యలో బందరునకు పేరు క్రొత్తగా వచ్చినది కాదు. 1926లో వెలసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ యీ యూరిదే. 1983లో దానిని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వీకరించినది. చీకటిలో చూడగల సాధనములు ఇచ్చట తయారగుచున్నవి. అట్టి యూరివారు తమ వ్రేలిని చూచు పలక కొరకు చైనా వంకను అమెరికా వంకను చూడవలసి వచ్చుట మాకు చిన్నతనముగనే యున్నది. ఇది ప్రక్కమాట, అయినను అనక మానలేకపోయితిమి.

ఈ యంత్రము తప్పు చేయదని యెవరును నమ్మరాదు. 2019 అక్టోబరులో ఇంగ్లండునందలి యొక స్త్రీ తన సామ్‌సంగ్ ఫోనుకు చౌకరకపు తొడుగు తొడుగగా, తన భర్త వ్రేలికి గూడ అది తెరచుకొన్నది. మెత్తని తొడుగుమీది గీతలనే వ్రేలిగీతలుగ యంత్రము గ్రహించినదని తేలినది. కంపెనీవారు లోపము నంగీకరించి సవరణను పంపిరి.

ఇట్టి లోపములున్నను ఫోను విషయమున నొక మేలు కలదు. అందు నమోదైన ముద్ర ఫోను దాటి పోనక్కరలేదు. వ్రేలి బొమ్మను యథాతథముగ దాచక, దాని గుర్తులనుండి కట్టిన లెక్కను మాత్రమే ఫోనులోని ప్రత్యేకమైన మరుగుచోటున దాచి, అచ్చటనే సరిచూచుకొనుట మంచి ఫోనులలోని పద్ధతి. వ్రేలు నచ్చనివాడు గుప్తసంఖ్యతో ఫోను తెరువవచ్చును. ముద్రను తుడిచివేసికొనవచ్చును. అసలు పెట్టకనే యుండవచ్చును. ఇచ్చువాడును, ఉంచుకొనువాడును, త్రోసివేయువాడును ఒక్కడే. ఆధారు నందట్లు కాదు. పదివ్రేళ్ల ముద్రలు, రెండు కనుపాపల గుర్తులు, ముఖచిత్రము కేంద్ర భాండారమునందుండును. రేషను దుకాణములో వేసిన వ్రేలు తీగవెంట అంతదూరము పోయి ఔననిపించుకొని రావలెను. పైకి చూడ రెండుచోట్లను వ్రేలు యంత్రముమీద పెట్టుటయే. లోన చూడ ఒకచోట మనము యజమానులము, రెండవచోట అర్జీదారులము.

వ్రేలిముద్ర పుట్టువు నొకపరి తలచుకొన్నచో ఈ భేదము తేటపడును. 1858లో వంగదేశమున హుగ్లీ ప్రాంతపు దొర విలియం హెర్షెల్, రాజ్యధర కొనాయి యను కంట్రాక్టరుచేత ఒడంబడిక కాగితము వెనుక అరచేతి ముద్ర వేయించెను. తరువాత కాదనకుండ అతనిని బెదరించుటయే అందలి యుద్దేశము. 1877లో హెర్షెల్ పింఛనుదారులకును, దస్తావేజులకును, ఖైదీలకును వ్రేలిముద్రల పద్ధతిని పెట్టెను. పింఛను, దస్తావేజు, చెరసాల: నూటయేబది యేండ్లు కావచ్చినను జాబితా పెద్దగా మారలేదు. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. ముద్రలను తరగతులుగ విభజించిన విధానమునకు హెన్రీ దొర పేరు నిలిచినది గాని, దాని లెక్కలను కట్టినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మనవారే.

ఆ విద్య సముద్రము దాటి దక్షిణాఫ్రికాకు పోయి, మనవారి మెడకే చుట్టుకొన్నది. 1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వము అచ్చటి హిందూదేశస్థులందరును పదివ్రేళ్ల ముద్రలిచ్చి పత్రములు పొందవలెనని శాసింపబూనగా గాంధీజీ సత్యాగ్రహమునకు పూనుకొనెను. 1908 ఆరంభమున రాజీ కుదిరినంతట ఆయనయే ముందుగా ముద్రలిచ్చుటకు బయలుదేరెను; అందులకు తన పక్షమువారిలో నొకనిచేత దెబ్బలు తినెను. ఆయన వాదము సూక్ష్మమైనది: శాసనమునకు లోబడి ఇచ్చుట వేరు, స్వేచ్ఛగ నిచ్చుట వేరు. సర్కారు మాట తప్పినదని తేలగనే, ఆ యేడే ఆగస్టు 16వ తేదీన జొహానెస్‌బర్గులో పత్రములను రాశిపోసి తగులబెట్టిరి. వ్రేలు ఆనాడును అదే, సిరాయు అదే. మారినది ఇచ్చువాని స్వాతంత్ర్యము.

ఇక మన సీమకు వత్తము. 2015లో ఆంధ్రప్రదేశ్ చౌకధరల దుకాణములలో వ్రేలిముద్రల యంత్రములు వచ్చినపుడు కృష్ణా జిల్లా ముందు నడచినది. దొంగపేర్ల కార్డులు ఏరిపోవుననియు, డీలరు కాటాలో కాకున్నను పుస్తకములోనైన మోసము చేయజాలడనియు అన్నారు. అందు సత్యము లేకపోలేదు. రాని కుటుంబము పేర బియ్యము వ్రాసికొనుట కష్టమైనది. కాని ఆ యంత్రము ముందు నిలుచువా రెవరు? నాట్లకాలమున నెలల తరబడి బురదలో చేతులుంచు స్త్రీలు. రొయ్యల చెరువులకు సున్నము చల్లు కూలీలు. దివిసీమ కరకట్టల వెంబడి వలలు లాగు పల్లెకారులు. పెడన అద్దకపువారు. బందరు రోల్డుగోల్డు పనిలో రసాయనములు ముట్టు కార్మికులు. ఎవరి చేతులచే మన గాదెలు నిండుచున్నవో వారి వ్రేళ్లమీదనే గీతలు అరిగిపోవును. వయసు మీరినవారికి చర్మము వదులై, ఎండి, గీతలు మరింత పలుచబడును. చదువుకొని కూర్చుండి పనిచేయువాని వ్రేలు మొదటిసారికే పలుకును; పాటుపడువాని వ్రేలు నాలుగుమార్లు తుడిచినను పలుకదు. తప్పు యంత్రమునది, తలవంపు మనిషిది.

దీనికి విరుగుడుగ కనుపాప యంత్రములను తెచ్చిరి; గ్రామ రెవెన్యూ అధికారి తన వ్రేలు వేసి బియ్యమిప్పించు పద్ధతియు నుండెను. మంచిదే. అయినను ఒకరి యన్నము మరియొకరి వ్రేలిమీద ఆధారపడినప్పుడు ఆ యధికారి రాకకై కాచుకొనుట, బతిమాలుకొనుట తప్పవు. పద్ధతి యున్నదని కాగితముమీద చూపుట వేరు, అది బేలగ నున్న ముసలమ్మకు అడుగకుండ దొరకుట వేరు.

దివిసీమవారు ఒక యెదురుమాట చెప్పగలరు. 1977 నవంబరు 19వ తేదీ రాత్రి ఉప్పెనలో వేలకొలది ప్రాణములతోబాటు పట్టాలు, పత్రములు, పుస్తకములు సర్వము పోయినవి. కాగితము కొట్టుకొనిపోవును, వ్రేలు మనిషితోనే యుండునుగదా యని. ఆ మాటను మేము తేలికగా త్రోసివేయము. ఆ రాత్రి చూచినవారికి ఆ హక్కు కలదు. కాని పోయిన కాగితమునకు నకలు పుట్టించవచ్చును, పోయిన తాళపుచెవికి క్రొత్తది చేయించవచ్చును. పరుల పాలైన వ్రేలిముద్రకు మారుముద్ర లేదు.

పరుల పాలగుటయా, అది యెట్లని భూస్వాము లడుగవచ్చును. ఇచ్చటనే వారు చెవి యొగ్గవలెను. ఇది కూలివాని కథ మాత్రమే కాదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమునకు 2001లో చేర్చిన నిబంధన ననుసరించి, దస్తావేజు దాఖలు చేయువారు తమ ఛాయాచిత్రమును వ్రేలిముద్రలను అందు అంటించవలెను. ఆ పత్రముల నకళ్లు కంప్యూటర్ల కెక్కినవి. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిం కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషను పత్రములలోని ముద్రలను తీసి, రబ్బరు స్టాంపులు చేయు యంత్రముతో కృత్రిమపు వ్రేలితొడుగులు చేసి, వాటితో ఇతరుల పేర వేలకొలది కార్డులను చెల్లుబడి చేసెను. అటుపిమ్మట ఇట్లే అచ్చువోసిన ముద్రలతో బ్యాంకు ఖాతాలనుండి సొమ్ము లాగిన ముఠాలును పట్టుబడినవి. పల్లెలలో బ్యాంకు ప్రతినిధి యొద్ద ఆధారుతో సొమ్ము తీయుటకు బ్యాంకు పేరు, ఆధారు సంఖ్య, వ్రేలు చాలును. ఫోనుకు వచ్చు సంఖ్యను అడుగరు. ఆధారు సంఖ్యయు తరచుగ ఆ దస్తావేజుమీదనే యుండును. ఫోను తెర క్రింద లక్ష కాపులా పెట్టుకొన్న ఆసామి, అదే వ్రేలిని పొలము అమ్మినచోట బాహాటముగ వదలి వచ్చుచున్నాడు.

మరియొక సంగతి. 1961లో సుప్రీంకోర్టు పదకొండుగురు న్యాయమూర్తులు కూడి, ముద్దాయిచేత వ్రేలిముద్ర వేయించుట తనపై తాను సాక్ష్యము చెప్పుట కాదని తీర్మానించిరి. ఆనాడు వ్రేలిముద్ర యనగా కాగితముమీది సిరా మరక. నేడది పెట్టె తాళము. పోలీసువారు చేయి పట్టి అద్దమున కానించిన యెడల అదియును సిరా మరకవంటిదేనా? మనసులోని సంఖ్యను చెప్పుమనుట వేరా? ఈ ప్రశ్న కింకను సుప్రీంకోర్టు తుదిమాట చెప్పలేదు. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగ స్వంత గుట్టు మూలస్వత్వమనిరి. 2018లో ఐదుగురిలో నలుగురు ఆధారును సంక్షేమ కార్యములకు నిలబెట్టిరి. ఈ రెంటి నడుమ సామాన్యుని వ్రేలు ఊగులాడుచున్నది. అందువలన వ్యవహారములు గలవారు తమ ఫోనులకు వ్రేలితోబాటు పొడవైన సంఖ్యనుకూడ పెట్టుకొనుట మేలని మేము తలంచెదము.

ప్రభుత్వమువారిని మేము కోరునవి అసాధ్యములు కావు. దస్తావేజుల నకళ్లలో వ్రేలిముద్రలను, ఆధారు సంఖ్యలను పూర్తిగ కప్పి మాత్రమే ఇతరుల కీయవలెను. పాత పత్రములకును ఇది వర్తింపవలెను. వ్రేలొక్కటే చాలునన్న చోట బ్యాంకులు రెండవ ఋజువును కూడ అడుగవలెను. రేషను దుకాణములో వ్రేలు పలుకనివానికి ఆ పూటనే, ఆ దుకాణములోనే, మరియొకరి దయ లేకుండ బియ్యము కొలువవలెను. ఎందరి వ్రేళ్లు పలుకలేదో ప్రతినెల దుకాణము గోడమీద వ్రాయింపవలెను. పాఠకులు తమంతట చేసికొనదగినది యొకటి కలదు. ఆధారు సంస్థవారు వ్రేలిముద్రల వాడుకకు తాళమువేయు వీలు కల్పించియున్నారు. అవసరమున్ననాడు తీసి తిరిగి వేసికొనవచ్చును. సబ్ రిజిస్ట్రారు కచ్చేరికి పోయివచ్చినవారు ఇల్లు చేరకమునుపే ఆ తాళము వేయుదురుగాక. దాని నెరుగని తల్లిదండ్రులకు, పాలేరులకు, ఇంటి పనివారికి కూడ చదువుకొన్నవారే దగ్గర కూర్చుండి వేసి యీయవలెను.