నిఘంటువు చాలదు, వాచకం కావాలి

లినక్స్ యంత్రంలో సేవలను నడిపించడం ఒకప్పుడు షెల్ స్క్రిప్టుల పని. 2010లో వెలువడిన సిస్టమ్‌డీని 2011లో ఫెడోరా, 2015లో డెబియన్ తమ ప్రధాన సాధనంగా స్వీకరించాయి. దాని శక్తి నిర్వివాదం. వివరణ పత్రాలకూ కొరత లేదు, కొరత బోధనాక్రమానికే.

ఉదాహరణకు, 'రిక్వైర్స్' అన్న ఆదేశం ఒక సేవకు మరొకటి అవసరమని మాత్రమే చెబుతుంది. ఏది ముందో చెప్పదు. అందుకు 'ఆఫ్టర్' అని వేరుగా వ్రాయాలి. లేకుంటే రెండూ ఏకకాలంలో మొదలై, సేవ ఒకనాడు నడిచి మరునాడు విఫలం కావచ్చు. మాన్యువల్ ఈ సంగతిని దాచలేదు. కాని అసంఖ్యాకమైన ఆదేశాల నడుమ క్రొత్త విద్యార్థికి అది కంటబడేదెలా?

నిఘంటువు చేతికిచ్చి భాష నేర్చుకొమ్మనడం న్యాయమా? సాధనం జటిలమైనప్పుడు వాచకం సమకూర్చడం నిర్మాతల దయ కాదు, ధర్మం.