ఖాళీ గడి ఎవరి లెక్కలోకి?

ఒక చందాల పట్టికను ఊహించుకోండి. ఒక వరుసలో ఊరి పేరు, దాని పక్కన రూపాయలు. తెనాలివారు ఇద్దరు: 100, 200. బాపట్లవారు ఒకరు: 300. నాలుగవ దాత 400 ఇచ్చాడు గాని, ఊరి గడి ఖాళీగా మిగిలిపోయింది. వెరసి 1000.

తెనాలి చందా 300. తెనాలిది కానిది ఎంత? 700 అని ఎవరైనా చెబుతారు. కాని సమాచార పట్టికలను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ భాషలో అడిగితే, ఆ గడి నిజంగా ఖాళీ అయినప్పుడు, వచ్చే జవాబు 300 మాత్రమే! నాలుగు వందల రూపాయలు ఏ పద్దులోనూ లేవు.

యంత్రం పొరబడలేదు. ఇటువంటి పట్టికల సిద్ధాంతాన్ని 1970లో ప్రతిపాదించిన ఎడ్గార్ కాడ్, 1979 నాటి వ్యాసంలో ఔను, కాదు అన్నవాటితోపాటు ‘తెలియదు’ అనే మూడవ విలువకు కూడా చోటిచ్చాడు. ఖాళీ గడి తెనాలియా? తెలియదు. తెనాలి కాదా? అదీ తెలియదు. ‘ఔను’ అని తేలిన వరుసలే కూడికలోకి వస్తాయి. తర్కం నిర్దుష్టమే, లెక్క చూసుకొనేవాడికి మాత్రం ప్రమాదకరం.

ఇదే ప్రశ్నకు ఎక్సెల్‌లోని సమ్‌ఇఫ్ 700 అంటుంది. ఖాళీని అది ‘తెనాలి కానిది’గానే ఎంచుతుంది. ఆర్ అనే గణాంక భాష అసలు అంకె చెప్పక, విలువ లభ్యం కాలేదని ఊరుకుంటుంది. నా దృష్టిలో మూడింటిలోనూ మర్యాదస్థురాలు ఇదే. ఇక గుమాస్తా ఖాళీ గడిలో ఒక చిన్న గీత గీశాడా, ఆ గీత కూడా ఒక ఊరైపోతుంది!

రూపాయలైతే వెదికి పట్టుకోవచ్చును. మనుషుల మాట వేరు. 1951–52 నాటి మన తొలి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు సిద్ధం చేసినప్పుడు, ఎందరో స్త్రీలు సొంత పేరు చెప్పక ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’ అని రాయించుకున్నారు. అది పేరు కాదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిర్ణయించారు. సుమారు 8 కోట్ల మహిళా ఓటర్లలో దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితా నుంచి తొలగిపోయాయి. గడిలో అక్షరాలున్నా, నిబంధన దృష్టిలో అది ఖాళీయే.

మన జనాభా లెక్కలవారు ఈ చిక్కును చక్కగా దాటారు. వయస్సుల పట్టికలో ‘వయస్సు తెలుపనివారు’ అని ఒక ప్రత్యేక వరుస ఉంటుంది. అందువల్ల మొత్తం సరిపోతుంది. చందాల పట్టికకూ అదే ఉపాయం చెల్లుతుంది. కూడికకు ముందే ఖాళీ గడులన్నిటా ‘ఊరు తెలియదు’ అని నింపాలి. అప్పుడు తెనాలి 300, బాపట్ల 300, ఊరు తెలియనిది 400.