అరువు సొగసు, మన చెయ్యి

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ గడియార స్తంభానికి ఉత్తరాన చౌమహల్లా ప్యాలెస్, దక్షిణాన ఫలక్‌నుమా ప్యాలెస్. రెంటి లోపలా యూరప్ సంపన్నుల అలంకరణే కంటికి కొడుతుంది. చౌమహల్లా దర్బారు హాలులో 19 బెల్జియం షాండ్లియర్లు. పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన ఫలక్‌నుమాలో ఇటలీ పాలరాయి, 101 మంది కూర్చునే భోజనాల బల్ల, విండ్సర్ కోట గ్రంథాలయాన్ని పోలిన చెక్కపని కప్పు.

ఇదంతా దొరల అనుకరణ అని కొందరు ఈసడిస్తారు. నేను ఒప్పుకోను. అంతకు రెండు వందల ఏళ్ల ముందు అనుకరణ అటునుంచి సాగింది. మచిలీపట్నం రేవులో ఓడలెక్కిన మన అద్దకం బట్టలు అక్కడి ధనవంతుల గోడలకూ, పందిరి మంచాలకూ తెరలయ్యాయి. మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్ల గోల భరించలేక ఫ్రాన్స్ 1686లో అద్దకాలను నిషేధించింది. ఇంగ్లండు 1721లో వాటిని కట్టుకోవడానికే కాదు, ఇంటి అలంకరణకు వాడడానికీ వీల్లేదంది. సొగసుకు సరిహద్దులు ఎప్పుడూ లేవు.

చూడాల్సింది ఎవరిది అరువు అని కాదు, అరువు తెచ్చుకున్నదానిలో మన చెయ్యి ఎంత పడిందని. చౌమహల్లాలో షాండ్లియర్ మీంచి చూపు కాస్త పక్కకు తిప్పండి. కమానుల మీద తీగలు, పూలు పరదేశపు సరుకు కావు. గానుగ సున్నంతో ఇక్కడి గచ్చు పనివాళ్లు తీర్చినవి. ఇప్పటి ఫంక్షన్ హాళ్ల కప్పులకూ పూలున్నాయి. కానీ అవి పీఓపీ అచ్చులో పడ్డవి. కరీంనగర్‌లోనైనా కొంపల్లిలోనైనా అదే పువ్వు.

చౌమహల్లాకు మరమ్మతులు జరిగాయి, 2010లో యునెస్కో పురస్కారం దక్కింది. ఫలక్‌నుమా అదే ఏడు తాజ్ హోటల్ అయింది. దిక్కులేనివి దేవిడీలు, అంటే పాత ప్రభువుల భవంతులు. శాలిబండలోని రాజా రాయరాయన్ దేవిడీ శిథిలాలే అందుకు సాక్ష్యం. 2017లో తెలంగాణ వారసత్వ చట్టమైతే వచ్చింది. చట్టం ఉంటే చాలదు, పని జరగాలి. మిగిలిన దేవిడీల లోపలి గచ్చు పనిని గదిగదికీ ఫొటోలు తీసి నమోదు చేయించాలి. మరమ్మతుల్లో సిమెంటు ముట్టకూడదు. గచ్చు మేస్త్రీల దగ్గర కుర్రాళ్లను జీతమిచ్చి పనిలో పెట్టాలి. షాండ్లియర్ పగిలితే డబ్బు పెట్టి ఇంకోటి కొనవచ్చు, ఆ చేతిపని పోతే కొనడానికి ఏ దేశంలోనూ దుకాణం లేదు.